కనబడని గ్రహణము – కనబడవలసిన ధర్మము

సూర్యగ్రహణము సంభవించునని తెలిసినపుడు ఆస్తికుల గృహములలో మొదట వినవచ్చు ప్రశ్న "ఇది మనకు కనబడునా?" అనునది. పట్టుస్నానము, జపము, తర్పణము, దానము, విడుపుస్నానము, భోజననియమము మొదలగునవి యన్నియు ఆ ప్రశ్నకు వచ్చు సమాధానము ననుసరించియే యుండును. కనబడునన్నచో విధులు కలవు. కనబడదన్నచో లేవు. అట్టి గ్రహణములను గూర్చి పంచాంగకర్తలు, ఇది భారతదేశమున కనిపించదు గనుక ఆచరింపనక్కరలేదని ఒక్క వాక్యముతో ముగింతురు.

వాక్యము చిన్నదే. దానినుండి పుట్టు సందేహము మాత్రము చిన్నది కాదు. కంటికి కనబడనిచో కర్తవ్యము లేదని శాస్త్రమే చెప్పుచున్నదా? అట్లయినచో పొరుగువాని ఆకలి మాకు కనబడలేదనియు, తోబుట్టువు కష్టము మా దృష్టికి రాలేదనియు చెప్పి ఎవరైనను తప్పించుకొనవచ్చును గదా! ఆకాశమునందలి గ్రహణమునకు పెట్టిన నియమము భూమిమీది ధర్మమును విడిచిపెట్టుటకు సాకు కాగలదా? ఈ విషయమును కొంత నిదానముగా విచారింపవలసియున్నది. ఇటీవల సంభవించిన యొక పాక్షిక సూర్యగ్రహణము ఈ విచారమునకు మిక్కిలి అనుకూలమైన ఉదాహరణము.

అది 2025 మార్చి 29, శనివారము. క్రోధి నామ సంవత్సర ఫాల్గుణ అమావాస్య. మరునాడే విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ఆ దినమున, మన దేశపు కాలమానము ప్రకారము మధ్యాహ్నము సుమారు 2 గంటల 20 నిమిషములు మొదలు సాయంత్రము 6 గంటలు దాటిన కొంతసేపటివరకు, భూమిపై ఏదో యొక ప్రదేశమున గ్రహణము కనబడుచునే యుండెను. చంద్రుని ప్రచ్ఛాయ, అనగా సూర్యకాంతి యేమాత్రమును చొరని నడిమి నీడ, భూమిని తాకలేదు. అది ఉత్తరధ్రువ ప్రాంతమునకు పైగా శూన్యమున సాగిపోయెను. దానిచుట్టునుండు పలుచని నీడయైన ఉపచ్ఛాయ మాత్రమే భూమిపై పడెను. అందుచే ఆనాడు లోకమున ఎచ్చటను సంపూర్ణ గ్రహణము లేదు. కెనడా దేశపు క్యూబెక్ ఉత్తరభాగమున గ్రాసము మిక్కిలి అధికము. అచట సూర్యబింబపు వ్యాసములో నూటికి 93 పాళ్ళకు పైగా కప్పబడెను. బింబవైశాల్యమును బట్టి చూచినచో, అమెరికాలో మెయిన్ రాష్ట్రమునందలి పోర్ట్‌లాండ్ పట్టణమున నూటికి సుమారు 64 పాళ్ళు, బోస్టన్ నగరమున 43 పాళ్ళు, న్యూయార్క్ నగరమున 22 పాళ్ళు మరుగుపడెను. ఇంగ్లండులోని లండన్ నగరమున సుమారు 30 పాళ్ళు మరుగుపడెను. ఆ అమెరికా పట్టణములలో సూర్యుడు గ్రహణముతోనే ఉదయించెను. దీనినే మన శాస్త్రములు గ్రస్తోదయమని పేర్కొన్నవి.

ఇక మన దేశమున సంగతి ఏమి? గ్రహణము లోకమున మధ్యావస్థకు వచ్చిన సమయము మనకు సాయంకాలము 4 గంటల 17 నిమిషములు. అది రాత్రి కాదు. తిరుపతిలో సూర్యుడు పశ్చిమాకాశమున వెలుగుచునే యుండెను. అతని బింబమున గోటిగాటంతయైనను లోపము లేదు. అదే క్షణమున అదే సూర్యుడు క్యూబెక్ మంచునేలపై నిలిచినవానికి సన్నని నెలవంకవలె కనబడుచుండెను. ఈ ఇరువురిలో ఒకడు సత్యమును, మరియొకడు అసత్యమును చూచుచున్నాడని చెప్పుటకు వీలులేదు. ఇరువురును తమ తమ చోటునుండి ఉన్నదానినే చూచుచున్నారు.

ఇట్లేల జరుగును? చంద్రగ్రహణమున భూచ్ఛాయ చంద్రబింబము మీదనే పడును. చంద్రుని వెలుగు నిజముగనే తరుగును. కావున ఆ సమయమున చంద్రుడు ఏ యే దేశముల ఆకాశమున నుండునో ఆ యా దేశములవారందరికిని గ్రాసము ఒక్క తీరుననే కనబడును. సూర్యగ్రహణము అట్టిది కాదు. సూర్యునిపై ఏ నీడయు పడదు. అతని తేజస్సు అణుమాత్రమును తరుగదు. చూచువానికిని సూర్యునికిని నడుమ చంద్రుడు అడ్డువచ్చును. అంతియే. చూచువాడు నిలిచిన చోటు మారినచో అడ్డును మారును. ఈ స్థలభేదమును గణించుటకే సూర్యసిద్ధాంతము లంబనము, నతి అను రెండు సంస్కారములను విధించినది. చంద్రగ్రహణ గణితమున వీని అవసరము లేదు. చంద్రుడు సూర్యుని కప్పుననియు, భూచ్ఛాయ చంద్రుని కప్పుననియు క్రీ.శ. 499 ప్రాంతముననే ఆర్యభటాచార్యుడు స్పష్టముగా చెప్పినాడు. వరాహమిహిరుడు బృహత్సంహితలోని రాహుచారాధ్యాయమున, క్రిందనుండు మేఘము మీది సూర్యుని మరుగుపరచునట్లే చంద్రుడు మరుగుపరచుననియు, అందువలన సూర్యగ్రహణము దేశదేశమునకు వేరుగా నుండుననియు వివరించినాడు. కనుక "ఎచట కనబడును?" అను ప్రశ్న సామాన్యజనుల కుతూహలమువలన పుట్టినది కాదు. సూర్యగ్రహణ స్వభావముననే ఆ ప్రశ్న యిమిడియున్నది.

ధర్మశాస్త్రకారులు ఈ స్వభావము నెరిగియే విధులను నిర్ణయించిరి. 1612లో కమలాకరభట్టు రచించిన నిర్ణయసింధువును, 1790లో కాశీనాథోపాధ్యాయుడు రచించిన ధర్మసింధువును ఈ విషయమున పెద్దలకు ప్రమాణగ్రంథములు. వాని తాత్పర్యము ఇది. గ్రహణము కంటితో చూచుటకు యోగ్యమై ఎంతకాలముండునో అంతకాలమే పుణ్యకాలము. రాత్రి వేళ సంభవించు సూర్యగ్రహణమునకుగాని, పగటివేళ సంభవించు చంద్రగ్రహణమునకుగాని స్నానాదులు లేవు. ఒకచోట సూర్యుడు గ్రహణముతోనే అస్తమించిన పిమ్మట, మరియొక ద్వీపమున గ్రహణము కొనసాగుచున్నను, అస్తమించిన చోట పుణ్యకాలము ముగిసినట్లే.

ఇచట ఒక మాటను శ్రద్ధతో గమనింపవలెను. శాస్త్రము "చూచినచో" అని చెప్పి విడిచిపెట్టలేదు. "చూచుటకు యోగ్యమైనచో" అని చెప్పినది. ఈ రెంటికిని ఎంతో భేదమున్నది. గ్రహణవేళ ఊరిపై మబ్బు కమ్మినదనుకొందము. ఎవ్వరికిని సూర్యబింబము కనబడలేదు. అపుడు విధులు లేవా? ఉన్నవి. గణితశాస్త్రమువలన స్పర్శమోక్షకాలములను తెలిసికొని స్నానదానాదులు ఆచరింపవలెనని ధర్మసింధువు శాసించుచున్నది. మబ్బు అడ్డమైనంతమాత్రమున గ్రహణము మనది కాకపోదు. అట్లే ఇంటి తలుపులు మూసికొని నిద్రించినవాడు "నాకు కనబడలేదు" అనిన చెల్లదు. దూరము విధినుండి విడిపించును. మబ్బు విడిపింపదు. నిద్ర అసలే విడిపింపదు.

2022 అక్టోబరు 25 నాటి పాక్షిక గ్రహణమును స్మరించినచో ఈ నియమము మరింత తేటపడును. అది దీపావళి మరునాడు. ఢిల్లీలో సూర్యబింబమున నూటికి సుమారు 44 పాళ్ళు, ముంబయిలో 24 పాళ్ళు మరుగుపడెను. చెన్నపట్టణమున అరగంటసేపు మాత్రమే కనబడి, సూర్యుడు గ్రహణముతోనే అస్తమించెను. అండమాను దీవులలోను, ఈశాన్య భారతమున ఐజ్వాల్, ఇంఫాల్, కోహిమా మొదలగు చోట్లను గ్రహణము మొదలగునప్పటికే సూర్యాస్తమయమైనందున అసలే కనబడలేదు. ఒక్క దేశముననే కొందరికి గ్రహణము కలదు, కొందరికి లేదు. ఆ దినమున తిరుమల శ్రీవారి ఆలయద్వారములు ఉదయము 8 గంటలు దాటిన పిమ్మట మూయబడి, రాత్రి 7 గంటల 30 నిమిషముల వరకు తెరువబడలేదు. అదే 2025 మార్చి 29న గ్రహణము మన దేశమున కనబడనందున తిరుమలలో ద్వారములు మూయలేదు. స్వామి దర్శనము యథావిధిగా జరిగెను. ఒకనాడు మూయుటయు, ఒకనాడు మూయకుండుటయు ఒక్క శాస్త్రమువలననే.

ఇట్టి స్పష్టమైన నియమమున్నను గృహములలో రెండు విధములైన పొరపాట్లు జరుగుచున్నవి. తిరుపతిలో ఒక ఇంటిని తలచుకొందము. ఆ ఇంటి ఆడపడుచు పురిటికి వచ్చియున్నది. ఏడవ మాసము నిండినది. పెద్దకుమారుడు బోస్టన్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. మార్చి 29 ఉదయమున దూరపు బంధువొకామె ఫోనుచేసి, "వదినా! నేడు గ్రహణమట. అమ్మాయిని గడప దాటనీయకు. పచ్చి మంచినీరైనను ఇయ్యకు" అని హెచ్చరించినది. తల్లి భయపడినది. కిటికీలు మూసి కూతురిని లోపలిగదిలో పడుకొనబెట్టినది. ఎండలు ముదురుచున్న కాలము. గర్భవతి దాహముతో, ఉక్కతో మధ్యాహ్నమంతయు గడపినది. పొరుగింట ఒంటరిగానుండు వృద్ధురాలొకామె రెండుదినములుగా జ్వరముతో బాధపడుచున్నది. ఆమెకు ప్రతిదినము ఈ ఇంటినుండియే చారన్నము వెళ్ళుచుండెను. ఆనాడు పొయ్యి వెలిగింపలేదు. అన్నమును వెళ్ళలేదు.

సాయంకాలము ఇంటి యజమాని గోవిందరాజస్వామి దర్శనము చేసికొని వచ్చెను. చీకటిగది చూచి, సంగతి విని, పంచాంగము తెరచి భార్యకు చూపెను. "ఇది మనకు లేదు. స్వామికి నివేదన జరిగినది, తీర్థము ఇచ్చినారు, నేను తీసికొని వచ్చితిని. బిడ్డకు మొదట మంచినీరు ఇమ్ము" అనెను. ఆమె వెంటనే పొయ్యి రాజేసి, వండినదానిలో తొలిముద్ద పొరుగింటికి తీసికొనిపోయెను. వృద్ధురాలు నిందింపలేదు. "మీ తలుపు చప్పుడు వినబడునేమోనని పొద్దుటినుండి చూచుచుంటిని తల్లీ" అని మాత్రము అన్నది. ఆ మాటకు గృహిణి కన్నీరు పెట్టుకొనెను. తిరుపతి ఆకాశమున ఆనాడు గ్రహణము లేదు. ఉన్నదను భయముచే ఆ వీధిలో ఇద్దరు ఆకలిగొనిరి. నిజమైన గ్రహణదినమునందైనను బాలురకు, వృద్ధులకు, రోగులకు శాస్త్రము భోజననియమమును సడలించినదే. గర్భవతుల విషయమున పెద్దలు అట్టి దయనే చూపుచు వచ్చిరి. లేని గ్రహణమునకు లేని నియమమును, అదియు దయలేకుండ, ఆచరించినచో అది భక్తి యనిపించుకొనదు.

రెండవ పొరపాటు అదే ఇంటి కుమారునిది. ఆ రాత్రి తల్లి బోస్టన్‌లోని కుమారునితో మాటలాడుచు, "నాయనా! నీకు పొద్దుననే గ్రహణమట గదా, స్నానము, జపము చేసితివా?" అని అడిగినది. "లేదమ్మా! మన పంచాంగములో ఆచరింపనక్కరలేదని వ్రాసినారుగదా!" అని అతడు బదులు చెప్పెను. పంచాంగము చెప్పినది సత్యమే. అది భారతదేశమునకు చెప్పినది. అతడున్నచోట ఉదయము ఆరున్నర దాటిన వేళ సూర్యుడు దాదాపు సగము కొరతతో ఉదయించి, ఏడు గంటలు దాటిన కొలది నిమిషములకు గాని పూర్ణుడు కాలేదు. తల్లి పరదేశపు గ్రహణమును తన ఇంటికి తెచ్చుకొనినది. కుమారుడు స్వదేశపు మినహాయింపును పరదేశమునకు తీసికొనిపోయినాడు. ఆమె భయమును, అతడు సౌకర్యమును అరువు తెచ్చుకొనిరి. ఇద్దరును తాము నిలిచిన నేలను మరచిరి.

దేశకాలముల ననుసరించి ధర్మము నిలుచునని శ్రీమద్భాగవతము సుందరముగా చూపుచున్నది. దశమస్కంధపు ఉత్తరభాగమున ఒక మహాసూర్యగ్రహణ ప్రస్తావము కలదు. గ్రహణము రానున్నదని ముందుగనే తెలిసికొని నానాదేశముల ప్రజలు కురుక్షేత్రమునందలి శమంతపంచకమునకు వచ్చిరి. ద్వారకనుండి బలరామకృష్ణులు, వసుదేవుడు, ఉగ్రసేనుడు మున్నగు యాదవులు తరలివచ్చిరి. అందరును స్నానముచేసి, ఉపవసించి, గోదానములు చేసి, శ్రీకృష్ణునియందు తమకు భక్తి కలుగుగాకయని కోరుకొనిరి. అయినను యాదవులందరు రాలేదు. అనిరుద్ధుడు కొందరితో కూడి ద్వారకయందే యుండెను. కృతవర్మయు పురరక్షణమున నిలిచెను. తీర్థమునకు వెళ్ళినవారికి స్నానము ధర్మము. నగరమును కాచినవారికి కాపలా ధర్మము. వెళ్ళనివారిని భాగవతము తక్కువ చేయలేదు.

ఆ సమాగమముననే కుంతీదేవి తన సోదరుడైన వసుదేవుని చూచి తన దుఃఖమును వెళ్ళబోసికొనినది. తాను ఆపదలలో మునిగియున్నపుడు సజ్జనులైన తనవారే తనను తలపక పోయిరనియు, దైవము ప్రతికూలమైనవానిని తల్లిదండ్రులును తోబుట్టువులును సైతము మరచిపోవుదురనియు ఆమె వాపోయినది. ఇది చిన్న ఫిర్యాదు కాదు. లక్క ఇల్లు, అరణ్యవాసము, కుమారుల కష్టములు చూచిన తల్లి మాట ఇది. వసుదేవుడు కోపగింపలేదు. నరులందరు దైవము చేతి బొమ్మలని చెప్పి, కంసుని బాధచే తామును దిక్కుదిక్కులకు చెదరిపోయి, ఇటీవలనే స్వస్థానము చేరుకొంటిమని ఆమెను ఊరడించెను.

కుంతి ప్రశ్నయు, వసుదేవుని సమాధానమును గ్రహణదినముననే జరిగినవి. వానిని పైన చెప్పిన నియమముతో కలిపి చూచినచో మొదటి సందేహము తీరును. వసుదేవుడు చెప్పినది సాకు కాదు. కారాగారమున బిడ్డలను పోగొట్టుకొనినవాడు, బంధువులు చెల్లాచెదరైనవాడు. చెల్లెలి కష్టము అతనికి నిజముగనే క్షితిజము కావలిది. అది దూరము. ఆ వీధిలోని పొరుగింటి వృద్ధురాలి జ్వరము అట్టిది కాదు. నడుమనున్నది ఒక్క గోడ. అది మబ్బు వంటిది. మబ్బువెనుకనున్న గ్రహణము కనబడకున్నను మనదే. అట్లే తెలిసికొన దలచినచో తెలియదగిన కష్టము, తెలియకున్నను మన కర్తవ్యములోనిదే. "నాకు కనబడలేదు" అనువాడు ముందుగా తన్ను తానొక ప్రశ్న అడుగవలెను. అది చూచుటకు యోగ్యము కాకపోయెనా, లేక తానే చూడలేదా?

ఇచట మరియొక ఆక్షేపము రావచ్చును. నేడు సముద్రమున కావలనున్న గ్రహణమును గూడ దూరదర్శనమునను, చేతిఫోనులోను ఆ క్షణముననే చూడవచ్చును. కంటికి కనబడినది గనుక విధులు వర్తించునా? వర్తింపవు. శాస్త్రము చెప్పిన యోగ్యత మనము నిలిచిన నేలకును, అచటి ఆకాశమునకును సంబంధించినది. చిత్రము ఎంత స్పష్టమైనను సూర్యుడు మన నెత్తిపై పూర్ణుడుగనే యున్నాడు.

అట్లయినచో దూరదేశముననున్న బంధువు దుఃఖము ఫోనులో వినబడినపుడు, అదియు మనకు చెందదనవచ్చునా? అనరాదు. స్నానజపాది విధులు దేశకాలములకు కట్టుబడినవి. దయ అట్లు కట్టుబడినది కాదు. విధికి క్షితిజము సరిహద్దు. దయకు సరిహద్దు ఎరుక. ఎరుకకు వచ్చినంతమేర, చేతనైనంతమేర, అది చేయదగినదే. కుంతి వసుదేవుని స్నానమును గూర్చి అడుగలేదు. తలచితిరా యని అడిగినది. తలచుటకు ద్వారకయు హస్తినయు దూరము కావు. నేడు తిరుపతియు బోస్టనును దూరము కావు. ఆ తల్లి కుమారుని స్నానమును గూర్చి అడుగుట మంచిదే. అచట ఒంటరిగానున్నవాడు ఎట్లున్నాడో, వేళకు తినుచున్నాడో లేదో అడుగుట ఇంకను మంచిది. కుమారుడును తల్లి స్వరమున భయమున్నదేమోయని గమనింపవలసినవాడే.

వరాహమిహిరుడు రాహువును గూర్చి ఒక సంప్రదాయమును పేర్కొన్నాడు. గ్రహణకాలమున జనులు చేయు దానములలోను, హోమములలోను రాహువునకు భాగము లభించునట్లు బ్రహ్మ వరమిచ్చెనట. పెద్దల హృదయము ఇచట తెలియుచున్నది. వారు గ్రహణమును భయపడుటకుగాక ఇచ్చుటకు తగిన సమయముగా భావించిరి. సూర్యుని మరుగుపరచువానికి సైతము ఒక ముద్ద నిచ్చిన సంప్రదాయమున, గ్రహణము పేరు చెప్పి పొరుగువానికి ముద్ద ఆపుట తగునా?

కావున పంచాంగమున "కనబడదు" అను మాట చదివినపుడు ఆస్తికులు నిశ్చింతగా తమ నిత్యకర్మలను, స్వామి కైంకర్యమును, ఇంటి వంటను జరుపుకొనవచ్చును. "కనబడును" అను మాట చదివినపుడు, మబ్బు పట్టినను, తాము ఏ దేశమున నున్నను, అచటి కాలము ననుసరించి శ్రద్ధతో ఆచరింపవలెను. సూర్యబింబమును వట్టికంటితో చూడరాదనుటయు మరువరాదు. ఈ రెండు సందర్భములలోను తలుపు తెరచి పొరుగుదిక్కు ఒక్కమారు చూచుట మాత్రము ఏ పంచాంగమును నిషేధింపలేదు.

తన తేజస్సు నెన్నడును కోల్పోని సూర్యమండలమధ్యవర్తియైన శ్రీమన్నారాయణుడు, చూడవలసినదానిని చూచు కన్నును, చూచినపుడు కదలు హృదయమును అందరికిని అనుగ్రహించుగాక!